బహుశా

గురువారం రాత్రుళ్లు మా ఊరి బౌలింగ్ క్లబ్బులో క్విజ్.
గెలిచిన బల్లకి ఒక పళ్లెం మాంసం:
సాసేజీలు, నాలుగు చాప్స్, పైన ఒక ప్లాస్టిక్ ఆకు.
ఒక్క ముక్కలో జవాబుండే ప్రశ్నంటే ఇక్కడ అందరికీ ప్రాణం.
మంగోలియా రాజధాని. ఫలానా ఏడు మెల్‌బోర్న్ కప్పు గెలిచిన గుర్రం.
గంట మోగేలోపు చెప్పావా, వీపు మీద ఓ చరుపు, ఓ బీరు.

ఆ గురువారం క్విజ్‌కి ముందు మీటింగు పెట్టారు.
బాదం తోటల కంపెనీ ఇంకో ఆరు బోర్లు వేస్తుందట,
నలభై ఉద్యోగాలట.
నెరిడా ట్రెలోర్ లేచి నిలబడింది.
పదకొండేళ్లుగా మర్రే నది గట్టున గొట్టాలు పాతి
భూమిలోపలి నీళ్లకి నాడి చూస్తున్న మనిషి.
మోకాళ్లదాకా ఎర్రమట్టి, చేతిలో మడతలు నలిగిన గ్రాఫు.

ఉప్పు పైకొస్తుందా రాదా అని అడిగారు.
"బహుశా," అంది.

అంతే.
ఆ మాట తర్వాత ఆమె చెప్పిన పన్నెండు నిమిషాలూ ఎవరి చెవినా పడలేదు.
రెండేళ్లు వానలు ఎక్కువ పడ్డాయనీ, అందుకే లెక్క తేలడం లేదనీ,
తేలకపోవడమంటే ప్రమాదం లేదని కాదనీ...
"అవునా, కాదా?" వెనకనుంచి బ్రెంటన్.
మాంసం కొట్టు అతనిదే, బహుమతి పళ్లెం ఇచ్చేదీ అతనే.
మంచివాడు. మా గేటు విరిగితే పైసా తీసుకోకుండా అతికాడు.
"ఇన్నేళ్లు చదివి ఇంకా తెలీదంటావేం తల్లీ?
మా నాన్న ఆకాశం చూసి చెప్పేవాడు."

హాలంతా నవ్వింది.
నేనూ నవ్వాను.

ఆ నవ్వు నాకు కొత్త కాదు, అది ఇంగ్లీషు నవ్వే కాదు.
తెనాలిలో మా మేనమామ చుట్ట పక్కనపెట్టి నవ్వే నవ్వు:
చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ.
పేపరు చదువుతూ పాలు పొంగబెట్టిన మా పెద్దత్తకి
ఇంట్లో కలెక్టరమ్మని పేరు.
ఆమె పేపరు మానేసింది.
పాలు ఆ తర్వాత కూడా పొంగాయి.

నా మందుల షాపులో నా పేరు ముందు డాక్టరని ఉండదు.
వచ్చిన కొత్తలో ఒకసారి ఫార్మకోకైనెటిక్స్ అన్నాను,
కౌంటరు అవతల కనుబొమలు గోడెక్కాయి.
అప్పట్నుంచీ "కడుపులో కరుగుతుంది" అంటున్నాను.
తల ఎత్తిన గసగసాల పువ్వునే ముందు కోస్తారని
ఇక్కడివాళ్లే చెప్పారు, ప్రేమగానే.
వంచుకున్నాను.
మెడ వంచడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ రాత్రి మా బల్లే గెలిచింది.
మంగోలియా నేనే చెప్పాను.

బయట నెరిడా కారు వెనకద్దం దుమ్ములో
ఎవరో వేలితో రాశారు: ప్రొఫెసర్.
ఇంగ్లీషులో ఒక ఎఫ్ ఎక్కువ పడింది.
ఆమె చూసింది. చెరపలేదు.
ఆ ఎక్కువైన ఎఫ్ ఒక్కటే చిటికెనవేలితో తుడిచి
కారెక్కి వెళ్లిపోయింది.
పిలుద్దామనుకున్నాను.
చేతుల్లో పళ్లెం, అడుగున చల్లగా సాసేజీలు.

శుక్రవారం తొమ్మిదింటికి బ్రెంటన్ వచ్చాడు.
రెండు చీటీలు, ఇద్దరు డాక్టర్లవి.
"ఇది గుండెకి, ఇది మోకాలికి. కలిపి వేసుకోవచ్చా?"
లావు పుస్తకం తీశాను.
నిన్న నాన్న ఆకాశాన్ని సాక్ష్యం పిలిచిన మనిషి
ఇవాళ నా కళ్లనే చూస్తున్నాడు,
అవి ఏ పంక్తి దగ్గర ఆగుతాయోనని.
వెనక లైనులో నలుగురు. ఒక్కరూ దగ్గలేదు.
పేజీ తిప్పాను. వెనక్కొచ్చి మళ్లీ చదివాను.
తొందరేం లేదన్నాడు,
టోపీ తీసి కౌంటరు మీద పెట్టి.

నోరు తెరిచాను.
నాలుక చివరికి వచ్చిన మొదటి మాట
నిన్న రాత్రి నేను నవ్విన మాటే.